సీలు విప్పని సిలిండరు

మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద సోలార్ పలకలు బిగించడం మొదలైన నాటి నుంచి మా నాయిన గొంతుకు మళ్లీ ప్రాణం వచ్చింది. మోకాళ్లు పట్టేసి హాల్లోంచి వంటింట్లోకి రావడానికి కూడా గోడ పట్టుకునే మనిషి, పొద్దున చాయ తాగగానే లిఫ్టెక్కి పైకి పోతున్నాడు. కుర్చీ వేయించుకుని పనివాళ్ల మధ్య కూర్చుంటున్నాడు. ఎల్‌బీ నగర్‌లో ఎండ ఏ కాలంలో ఏ వైపు నుంచి కొడుతుందో వాళ్లకు పాఠం చెబుతున్నాడు. వాళ్లు మంచి పిల్లలు, తలూపి తమ పని తాము చేసుకుంటున్నారు.

మొన్న ఆదివారం ఫ్లాట్లవాళ్లంతా కింద పార్కింగులో మీటింగు పెట్టుకున్నారు. కరెంటాఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి కదా అని సెక్రటరీ నాయిన చేతికి మైకు ఇచ్చాడు. ఇక ఆగుతాడా.

"బొగ్గు లేదు, పొగ లేదు, బూడిద లేదు. సూర్యుడు పొద్దుగాల లేస్తడు, మన మీటరు ఉల్టా తిరుగుతది. ఇగ కష్టమన్నదే ఉండది" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. పక్క ఫ్లాటు కోడలు నా చెయ్యి నొక్కి, "ఈ వయసులో నాన్నగారికి ఎంత హుషారండీ" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. కానీ ఆ గొంతు, ఆ మాట తీరు, ఆఖరి మాట దగ్గర చెయ్యి పైకెత్తి దించే ఆ పద్ధతి, అన్నీ నాకు పాతవే. అవి చూసినప్పుడల్లా నా ముక్కుకు తడిసిన రంపంపొట్టు వాసన తగులుతుంది, ఒంట్లో కోపం లేస్తుంది. తల నెరిసిన ఆడదాన్ని, కాటికి కాళ్లు చాచిన తండ్రి మీద ఇంత కోపం పెట్టుకోవడం బాగుండదని తెలుసు. అయినా వస్తుంది.

నా చిన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు దిగి లోపలికి నడిస్తే మట్టిదారి, తుమ్మచెట్లు, ఆ తర్వాత ద్రాక్షతోటలు వచ్చేవి. ఇప్పుడు కోచింగ్ సెంటర్లు ఉన్నచోట అప్పుడు రాతి కడీల మీద అల్లిన పందిళ్లుండేవి. ఆ తోటల అంచున ఒక రేకుల ఇంటి సగం వాటాలో మేముండేవాళ్లం. రెండో వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చిన మాష్టారు కుటుంబం కిరాయికి ఉండేది. ఆయన కాలేజీలో సైన్సు చెప్పేవాడు. రెండు వాటాలకూ కలిపి ముందు ఒకటే అరుగు.

కంచె కింద నుంచి దూరి ద్రాక్ష గుత్తులు తెంపడం మా పిల్లలందరి వృత్తి. కాయల మీద మైలుతుత్తం మందు కొట్టి ఉండేది, నీలంగా బూడిద పూసినట్టు. గౌను అంచుకు తుడిచి తినేవాళ్లం. ఇంటికి రాగానే అమ్మ నోరు తెరవమనేది. నాలుక చూసి, "ఇయ్యాల తోటల ఎవరి పెండ్లి?" అని అడిగేది, తిట్టకుండా. తోటల్లో తీగలు కత్తిరించే రోజుల్లో ఎండిన పుల్లలు మోపులు మోపులుగా బయట పారేసేవాళ్లు. అమ్మా నేనూ పోయి ఏరుకొచ్చేవాళ్లం. అవి పొయ్యిలో పెడితే చిటపటలాడుతూ కాలేవి. మందు అంటుకున్న చోట మంట ఆకుపచ్చగా లేచేది. ఆ పచ్చమంట చూడటానికి నేను పొయ్యి ముందు కూర్చుంటే అమ్మ నా మెడ పట్టి వెనక్కు లాగేది.

పుల్లలు కొన్నాళ్లే. మిగతా కాలమంతా పొట్టు పొయ్యి.

ఇప్పటి పిల్లలకు పొట్టు పొయ్యి అంటే తెలియదు, చెబితే నమ్మరు. పెద్ద రేకు డబ్బాకు అడుగున పక్కగా ఒక బొక్క. మూసారాంబాగ్ దారిలో ఉండే కట్టెకోత మిషను నుంచి రంపంపొట్టు గోనెసంచిలో తెచ్చుకునేవాళ్లం. సాయంత్రం అమ్మ డబ్బా మధ్యలో ఒక గాజు సీసా నిలబెట్టేది, అడుగు బొక్కలోంచి ఒక గుండ్రటి కర్ర దూర్చేది. సీసా కదలకుండా పట్టుకోవడం నా పని. చుట్టూ పిడికెడు పిడికెడు పొట్టు పోసి రోకలితో దంచుతూ కూరాలి. నిండాక సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి, కర్రను పక్కకు లాగాలి. లోపల మంటకు దారి మిగులుతుంది. బాగా కూరితే రెండు పూటల వంట దానంతటదే ఉడుకుతుంది. వదులుగా కూరితే అన్నం సగంలో ఉండగా లోపల పొట్టు కూలిపోయి ఇల్లంతా పొగ. టేకు పొట్టయితే వాసన బాగుండేది, వేపదయితే కళ్లు మండేవి. వానాకాలంలో ఏ పొట్టయినా ఒకటే, చెమ్మ పట్టి మంట కన్నా పొగే ఎక్కువ. కిటికీ కూడా లేని ఆ వంటింట్లో అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వంచిన తల ఎత్తకుండా ఊదేది.

సాయంత్రం ఆరింటికల్లా నాయిన ఆఫీసు నుంచి వచ్చేవాడు. మాష్టారు కూడా వచ్చేవాడు. అరుగు మీద రెండు కుర్చీలు పడేవి. ఇక దేశం కరెంటు మొత్తం వాళ్ల చేతుల్లోనే ఉండేది.

"నీళ్ల కరెంటును నమ్ముకోవద్దు మాష్టారూ, వానలు కొట్టకుంటె డ్యాములు ఎండుతయి. బొగ్గంటె బొగ్గే. గోదారి ఒడ్డున తవ్వుతరు, ఆడనే కాలుస్తరు, తీగల మీద మనకొస్తది. పొగ ఆడ, వెలుగు ఈడ" అనేవాడు నాయిన.

"బొగ్గు ఎన్నాళ్లుంటుందండీ? తరిగిపోయేదే. అణువు బద్దలు కొట్టాలి. చిటికెడు సరుకుతో ఊరంతా వెలుగుతుంది" అనేవాడు మాష్టారు.

"అణువెందుకు, జర ఆగుండ్రి. ఇంక కొన్నేండ్లకు ఇంట్ల పొయ్యే ఉండది. మీట నొక్కితె అన్నం ఉడుకుతది" అని నాయిన చెయ్యి పైకెత్తి దించేవాడు.

ఈ లోపల అమ్మ ఉల్లిగడ్డ పకోడీలు పళ్లెంలో పెట్టి నాతో పంపేది. పళ్లెం వెనకే పొగ కూడా బయటికి వచ్చేది. ఒకసారి నాయిన "పొగ ఆడ, వెలుగు ఈడ" అంటుండగా లోపలి నుంచి అమ్మ, "మనింట్ల రెండూ ఉన్నయి తియ్యి" అంది. మాష్టారు పకపకా నవ్వాడు. నాయిన కూడా నవ్వాడు. నాకు అప్పుడు మా నాయిన అంటే ప్రాణం. ఆయన చెప్పిన ప్రతి మాటా నాకు వేదం. స్కూల్లో దోస్తులకు రేపటి ప్రపంచం గురించి ఆయన గొంతుతోనే చెప్పేదాన్ని.

అమ్మకు దగ్గు ఎప్పటి నుంచో ఉంది. ఆ ఏడు వానలు మొదలయ్యాక దగ్గితే కూర్చున్న చోట నుంచి లేవలేకపోయేది. దవాఖానలో డాక్టరమ్మ ఛాతీ మీద గొట్టం పెట్టి చూసి, నాయిన వైపు తిరిగి చెప్పింది. "మందులు రాస్తాను. కానీ ఈమెను పొగ దగ్గర కూర్చోనివ్వద్దు. అలాగే కూర్చుంటే మందులు పనిచేయవు. పోనుపోను ఊపిరి అందదు" అంది. నేను అక్కడే ఉన్నాను. నాయిన కూడా విన్నాడు.

అప్పట్లో గ్యాసు కనెక్షన్ అంటే పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. నేను నడక నేర్చే వయసులోనే నాయిన అమ్మ పేరు మీద రాయించాడట. దవాఖాన నుంచి వచ్చిన రోజు, "ఎట్లన్న గీ పండుగలోపల తెప్పిస్త. గీ గల్లీల మొదటి గ్యాసు మీ అమ్మదే" అని నాతో అన్నాడు. తిరిగాడు కూడా. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ తిరిగాడు. ఆ మాట నేను దాచను. ఆయన మనసులో ఆ రోజుల్లో అమ్మ ఉంది, అది నిజం. అందుకే తర్వాత జరిగింది నాకు ఇంకా మింగుడుపడదు.

గ్యాసు పొయ్యిని నేల మీద పెట్టరాదని, సిలిండరు కన్నా ఎత్తు మీద పెట్టాలని మాష్టారి భార్య అమ్మకు చెప్పింది. ఆవిడను నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆవిడ కిరసనాయిలు ఒత్తుల స్టవ్ మీద వండేది. అమ్మ నాయినతో పోరి షాబాద్ బండతో వంటింట్లో ఒక గట్టు కట్టించింది. పుట్టిన కాణ్నుంచి గొంతుక్కూర్చుని వండిన మనిషి. ఇప్పుడు నిలబడి వండాలి. అందుకని స్టవ్ రాకముందే గట్టు ముందు నిలబడి కూరగాయలు తరగడం, బియ్యం ఏరడం అలవాటు చేసుకుంది. ఖాళీ బండ మీద ఉత్త గిన్నె పెట్టి గరిటె తిప్పి, "చెయ్యి అందుతున్నదా లేదా సూస్తున్న" అని నా వైపు చూసి సిగ్గుపడింది. మా అమ్మ సిగ్గుపడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

బతుకమ్మ రోజులు రాకముందే సిలిండరు వచ్చింది. రిక్షాబండి మా గల్లీలోకి తిరగగానే పిల్లలందరం వెనక పరిగెత్తాం. ఎర్రటి సిలిండరు, అట్టపెట్టెలో రెండు బర్నర్ల స్టవ్. దించినాయన, "ఫిట్టింగు చేసెటోడు రేపొస్తడు. అప్పటిదాక సీలు విప్పకుండ్రి" అని చెప్పి పోయాడు. సిలిండరు మూతికి తెల్లటి మూత, దానికి దారం చుట్టి సీలు. అమ్మ తడిబట్టతో తుడిచి, పసుపు రాసి బొట్టు పెట్టింది. పిన్నిగారు వచ్చి చూసి, "మీ కష్టం గట్టెక్కినట్టేనమ్మా" అంది. ఆ సాయంత్రం పొట్టు కూరేటప్పుడు అమ్మ సీసా నా చేతికిచ్చి, "ఇదే ఆఖరు బిడ్డా" అంది. ఎంతో గట్టిగా, అందంగా కూరింది ఆ రోజు.

తెల్లవారి నాయనమ్మ దిగింది.

నాయనమ్మ మూసారాంబాగ్‌లో పెద్దనాయిన దగ్గర ఉండేది. పెద్దనాయినకు బట్టల దుకాణం. మా వాళ్లది పోచంపల్లి వైపు మగ్గాల ఇల్లు. తాత కాలం నుంచి మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త మగ్గం మీద కోసిన మొదటి చీర పెద్దకొడుకు ఇంటికి పోవాలి. చిన్నోళ్లు రెండోది తీసుకోవాలి. మగ్గాలు పోయి పట్నం వచ్చినా ఆ పద్ధతి పోలేదు. మామిడికాయ తొక్కు పెడితే మొదటి జాడీ పెద్దింటికి. నాయిన రేడియో కొంటే మొదట అక్కడికే పోయింది, మాకు ఎప్పుడో తిరిగొచ్చింది.

నాయనమ్మ సిలిండరు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, నాయినతో అంది. "ఇంట్ల పెద్దోడుండంగ చిన్నోని ఇంట్ల మొదలు గ్యాసు ఎట్ల పెడ్తవురా? నలుగురు ఏమంటరు? మొదటి చీర ఎవరిది?"

"అవ్వా, ఇది చీర గాదు. ఆమెకు పాణం బాగలేదు" అన్నాడు నాయిన.

"నేను ఎప్పటికి ఉంచుకుంటరంటున్ననా? ఒక్క నెల. మీ అన్న ఇంట్ల ముట్టిచ్చినంక తెచ్చుకోరి" అంది నాయనమ్మ.

నాయిన అమ్మ వైపు చూడలేదు. పంచె సవరించుకుంటూ నిలబడ్డాడు. "నెల రోజులే గద" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. నేను తలుపు దగ్గర నిలబడి ఆయన ముఖమే చూస్తున్నాను. బొగ్గు గురించీ డ్యాముల గురించీ అంత గట్టిగా మాట్లాడే మనిషి గొంతు ఇంత చిన్నగా ఎట్లా వస్తుందో నాకు అర్థం కాలేదు.

అప్పుడు అమ్మ నోరు తెరిచింది. "అత్తమ్మా, ఒక్కసారి ముట్టిచ్చి సూద్దాం. ఒక్క గిన్నె పాలు కాగబెట్టి పంపిద్దాం" అంది.

"ఎంగిలి చేసి పంపుతవా పిల్లా?" అంది నాయనమ్మ. "మొదటి చీర కట్టి, ఇడిచి ఇస్తమా పెద్దోళ్లకు?"

మా ఇళ్లలో ఎంగిలి అన్న మాట పడిందంటే ఇక అంతే. నాయిన రిక్షా పిలుచుకొచ్చాడు. సిలిండరు, స్టవ్ పెట్టె ఎక్కించి, పక్కన నాయనమ్మను కూర్చోబెట్టి, తను వెనక సైకిలు మీద పోయాడు. ఫిట్టింగు చేసే ఆయన మధ్యాహ్నం వచ్చాడు. అమ్మే గడపలో నిలబడి, "మూసారాంబాగ్‌కు పోయింది" అని చెప్పి అడ్రసు చెప్పింది. ఆ రోజు సాయంత్రం మళ్లీ పొట్టు కూరింది. సీసా నేనే పట్టుకున్నాను.

నెల కాలేదు, దసరా వచ్చింది. ఆయుధపూజకు అందరం పెద్దింటికి పోవడం మా రివాజు. పెద్దింటి ముందుగదిలో రేడియో పక్కన పీట వేసి, పీట మీద మా సిలిండరు కూర్చుని ఉంది. మీద పెద్దమ్మ చేత్తో అల్లిన తెల్ల దారం గుడ్డ. బంతిపూల దండ. పక్కన పెట్టె కూడా విప్పని స్టవ్. దుకాణం కత్తెర, మీటరు కర్ర దాని ముందు పెట్టి పూజ చేశారు. వచ్చినవాళ్లు దాన్ని చూసి, "గ్యాసు ఒచ్చిందా, బలె" అంటుంటే పెద్దనాయిన మీసం దువ్వుకున్నాడు.

పెద్దమ్మ కుంకుమ భరిణె అందించి, "నువ్వు గూడ బొట్టు పెట్టు చెల్లె" అంది అమ్మతో.

అమ్మ వంగింది. గుడ్డ కొద్దిగా పక్కకు జరిపింది. తెల్లటి మూత, దారం, సీలు, అన్నీ అట్లాగే ఉన్నాయి. తను రాసిన పసుపు కూడా ఎండి అట్లాగే ఉంది. వంగిన మనిషి కాసేపు లేవలేదు.

"ఫిట్టింగాయన రాలేదా అక్కా?" అని అడిగింది మెల్లగా.

"ఒచ్చిండు. నేనే మల్ల ఎన్నడన్న రమ్మన్న" అంది పెద్దమ్మ. "పేలుతదంటున్నరు గద చెల్లె. నాకు బుగులు. కిరసనాయిలు పొయ్యి మస్తున్నది మాకు. ఇది ఇంట్ల ఉంటె ఇజ్జతుంటది, గంతే."

వాళ్ల వంటింట్లో ఒత్తుల స్టవ్‌లు రెండు మండుతున్నాయి. వంటింటికి కిటికీ ఉంది, పొగగూడు ఉంది. అమ్మ బొట్టు పెట్టి లేచింది. ఆ రోజు భక్ష్యాలు చేశారు. అమ్మ అందరికీ వడ్డించింది, తను తినలేదు. దగ్గు వస్తే పెరట్లోకి పోయి దగ్గి వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అమ్మకు ముందు సీటు దొరికింది. నేను, నాయిన వెనక కూర్చున్నాం. నేను ఆయన చొక్కా పట్టుకుని, "నాయినా, ఆళ్లు వాడుతలేరు గద. మనం తెచ్చుకుందాం" అన్నాను.

ఆయన కిటికీలోంచి మూసీ వైపు చూశాడు. "ఇప్పుడడిగితె బాగుండదు బిడ్డా, అన్న ఏమనుకుంటడు" అన్నాడు. నేను ఏడుపు మొదలుపెట్టేసరికి నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. "పండుగ పోయినంక తెస్త. ఒట్టు" అన్నాడు.

నేను నమ్మాను. ఆయన చెప్పే అణువులనూ డ్యాములనూ నమ్మినట్టే నమ్మాను. దీపావళి పోయింది. చలికాలం వచ్చింది. నేను సాయంత్రం ఆయన సైకిలు గంట వినబడగానే పరిగెత్తి పోయి క్యారియర్ చూసేదాన్ని. అన్నం డబ్బా తప్ప ఏమీ ఉండేది కాదు. మళ్లీ అడిగితే "ఆ, ఆ" అనేవాడు. తర్వాత ఆ "ఆ" కూడా మానేశాడు. ఆ చెయ్యి నా నెత్తి మీద ఉన్నంతసేపే అది ఒట్టు, తీశాక ఏమీ కాదని నాకు అప్పుడు తెలిసింది. ఇంట్లో ఎవరు చనిపోయినప్పుడూ నేను అంత ఏడ్వలేదు.

అమ్మ మాత్రం ఏడ్వలేదు, అడగలేదు. ఒక సాయంత్రం నాయిన, మాష్టారు అరుగు మీద కుర్చీలు వేసుకుని కూర్చోగానే, అమ్మ పొట్టు పొయ్యిని రెండు చేతులతో పట్టుకుని బయటికి వచ్చింది. కుర్చీలకు ఎదురుగా, గాలి వచ్చే వైపు అరుగు మీద పెట్టింది. చెమ్మ పట్టిన వేప పొట్టు. బొక్కలో గుడ్డపేలిక పెట్టి ముట్టించింది. పొగ నేరుగా కుర్చీల మీదికి పోయింది.

"ఇదేంది, లోపల పెట్టుకో" అన్నాడు నాయిన కళ్లు నులుముకుంటూ.

"పొగ ఆడ, వెలుగు ఈడ అంటరు గద. జర మార్చి సూద్దామని" అంది అమ్మ. కొంగు దులుపుకుని పొయ్యి పక్కన కూర్చుంది.

మాష్టారు దగ్గుతూ లేచాడు. "మాకూ కాస్త పనుంది లెండి" అని లోపలికి పోయాడు. వాళ్ల వాటాలో నుంచి పిన్నిగారి గొంతు వినబడింది. "ఏవండీ, అణువు అయిపోయిందా ఇవాళ్టికి?" అంది. నాయిన ముఖం చూడాలి. ఆ రోజు నేను నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వాను.

మరుసటి రోజూ అంతే. ఆ తర్వాత రోజూ అంతే. పకోడీలు ఆగిపోయాయి. నాయిన కుర్చీని మెల్లగా గల్లీ చివర కిరాణా దుకాణం ముందుకు మార్చాడు. అక్కడ వినేవాళ్లు ఎక్కువే దొరికారు. పెద్దింటికి పోయి సిలిండరు తేవడం కన్నా ఆయనకు కుర్చీ మార్చడమే సులువైంది. అమ్మకు మాత్రం అరుగు మీద గాలి దొరికింది. వాన లేని రోజు వంట అక్కడే. వాన పడితే మళ్లీ లోపలే. షాబాద్ గట్టు మీద నేను పుస్తకాలు పెట్టుకుని చదువుకునేదాన్ని.

తర్వాత అన్నీ వచ్చాయి. రావలసిన వరుసలోనే వచ్చాయి. ముందు కిరసనాయిలు స్టవ్, ఆ పైన కనెక్షన్లు సులువై మాకూ గ్యాసు. పెద్దింట్లో కోడలొచ్చి తనకు నచ్చిన స్టీలు స్టవ్ కొనుక్కుంది, పాత సిలిండరు దాని కిందికి పోయింది. మా ఇంటికి గ్యాసు వచ్చిన రోజు అమ్మ బొట్టు పెట్టలేదు, కొబ్బరికాయ కొట్టలేదు. నిలబడి చాయ పెట్టింది, రెండు గుక్కలు తాగి ఆయాసంతో కూర్చుంది. డాక్టరమ్మ చెప్పిన పోనుపోను అప్పటికే వచ్చేసింది. ఇంకా కొన్నేళ్లు అట్లాగే ఈడ్చింది. ఆఖరు రోజుల్లో దవాఖానలో ఆక్సిజన్ సిలిండరు పక్కన కూర్చుని కూడా నాయిన నర్సుకు దాని మీటరు ఎట్లా పనిచేస్తుందో చెప్పాడు. అమ్మ మాస్కులోంచి నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. ఇద్దరం ఒకే పొయ్యి ముందు కూర్చున్నవాళ్లం కదా.

ఇప్పుడు సూర్యుడి వంతు. మిద్దె మీద పలకలు మెరుస్తున్నాయి, మంచిదే. నేను వాటికి శత్రువును కాను. కానీ ఏది కొత్తగా వచ్చినా మొదట ఎవరింటికి పోతుంది, దాని పొగ ఎవరి వాటాకు మిగులుతుంది అని అడగడం నాకు చిన్నప్పుడే అలవాటైంది. గోదావరి ఒడ్డున ఆ బొగ్గు పొగ కింద కూడా ఏదో ఒక వంటింట్లో ఎవరో ఒక ఆడమనిషి దగ్గుతూనే ఉండి ఉంటుంది. ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లు ఎవరూ ఆమె గురించి అనుకోలేదు.

మీటింగయిన రెండు రోజులకు అన్న వచ్చాడు. పెద్దనాయిన కొడుకు. మూసారాంబాగ్ ఇల్లు బిల్డరుకిచ్చి పెద్ద అంబర్‌పేట్ వైపు మారిపోతున్నాడు. పెద్దనాయిన, పెద్దమ్మ ఇద్దరూ ఎప్పుడో పోయారు. అన్న కారు డిక్కీలోంచి ఒక అట్టపెట్టె తెచ్చి హాల్లో పెట్టాడు.

"సజ్జ మీద దొరికింది చెల్లె. చిన్నమ్మది గద, పారెయ్యబుద్ధి గాలె" అన్నాడు.

అప్పుడే నాయిన మిద్దె మీది నుంచి దిగి వచ్చాడు. అన్న పెట్టె విప్పాడు. లోపల మైనపు కాగితంలో చుట్టిన రెండు బర్నర్ల స్టవ్. పెట్టె మూల మీద ఆ దసరా నాటి కుంకుమ ఎండి నల్లబడి ఉంది. నాయిన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. వేలితో స్టవ్ అంచు మీద మెల్లగా రాసి చూశాడు.

"ఎంత పదిలంగ ఉంచిన్రో సూడు బిడ్డా. ఒక్క గీత గూడ పడలె" అన్నాడు.

అన్న అక్కడే ఉన్నాడని కూడా నేను చూసుకోలేదు. "పండుగ పోయినంక తెస్తనంటివి గద నాయినా" అన్నాను.

"ఏంది బిడ్డా తెచ్చేది?" అన్నాడు.

"గిదే. దసరనాడు బస్సుల. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టన్నవు."

ఆయన నిజంగానే ఆలోచించాడు. నుదురు ముడుచుకుని, అన్న వైపు చూసి, మళ్లీ నా వైపు చూశాడు. నటన కాదు, నాకు తెలుసు. "యాదికి లేదు బిడ్డా" అన్నాడు. స్టవ్ మీదికి మైనపు కాగితం లాగుతూ, "అయినా ఇగ ఇవన్ని ఎందుకు, రేపటి నుంచి అంత సూర్యుడే గద" అన్నాడు.

ఇన్నేళ్లూ ఆయన ఆ మాట తప్పాడని కోపం పెట్టుకున్నాను. తప్పడానికి కూడా ఆయన దగ్గర ఆ మాట లేదని ఇప్పుడు తెలిసింది. దానికన్నా ఇదే ఎక్కువ నొప్పి పెట్టింది.

అన్న పోయాక గ్యాసు మెకానిక్‌ను పిలిపించి ఆ స్టవ్‌కు కొత్త రబ్బరు గొట్టం వేయించాను. "ఇంత పాతది ఎందుకమ్మా" అన్నాడతను. వంటగట్టు మీద పెట్టి, ఆనాడు అమ్మ అడిగిన ఒక్క గిన్నె పాలు పోసి ముట్టించాను. మీట గట్టిగా ఉంది, ఎవరూ తిప్పనిది కదా. నీలంగా మంట వచ్చింది, కొంచెం కూడా పొగ లేదు. వాసనకు నాయిన గోడ పట్టుకుని వంటింటి గడప దాకా వచ్చాడు.

"చాయ పెడుతున్నవా బిడ్డా?" అన్నాడు.

"కాదు. ఇవి నీకు గావు" అన్నాను.

ఆయన అక్కడే నిలబడ్డాడు. పాలు పొంగి, కొత్తగా మెరుస్తున్న బర్నరు మీద పడి మాడిపోయాయి, స్టవ్ అంచు దాకా కారాయి. గుడ్డ చేతిలోనే ఉంది. ఎంగిలి కానియ్యి అనుకుని తుడవలేదు.